పునరుత్పత్తి వ్యవస్థ పాఠం మసాజ్ నేర్చుకునేవాళ్లకు ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మసాజ్ థెరపీ డిప్లొమాలో చేరారు. కండరాలు, ఎముకలు బాగానే వస్తున్నాయి. పునరుత్పత్తి వ్యవస్థ దగ్గరికి వచ్చేసరికి క్లాసంతా తల దించుకుంది, సారు కూడా "ఇంట్లో చదువుకోండి" అని పేజీలు తిప్పేశారు. హార్మోన్లలో ఎఫ్‌ఎస్‌హెచ్ ఏదో ఎల్‌హెచ్ ఏదో గుర్తుండటం లేదు. అసలు మనం ఆ భాగాలను ముట్టుకోనే ముట్టుకోం కదా, ఇదంతా దేనికి అని అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. పదహారేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను, అందులో తొమ్మిదేళ్లుగా మసాజ్ విద్యార్థులకు అనాటమీ చెప్తున్నాను. ముట్టుకోం, నిజమే. కానీ ఆ భాగాల్లో పుట్టే నొప్పి మీరు ముట్టుకునే నడుములోకి, తొడల్లోకి వస్తుంది. అవి వదిలే హార్మోన్లు మీరు నొక్కే ఎముకను, రక్తనాళాన్ని మార్చేస్తాయి. మనిషిని బల్ల మీద పడుకోబెట్టే ముందు ఐదు నిమిషాలు మాట్లాడతాం చూడండి, అప్పుడు ఏం అడగాలో నాకు నేర్పింది ఈ పాఠమే.

ముందు ఏది ఎక్కడుందో చూద్దాం. మొదటి రోజు క్లాసులో "గర్భసంచి ఎక్కడుంటుందో మీ పొట్ట మీద చేయి పెట్టి చూపించండి" అంటాను. ఎక్కువమంది బొడ్డు మీద పెడతారు. చేతిని ఇంకా కిందికి జరుపుతూ పోతే పొట్ట అయిపోయేచోట ఒక గట్టి ఎముక తగులుతుంది, అది ప్యూబిక్ ఎముక. గర్భసంచి దాని వెనక, పెల్విస్ లోపల, అంటే నడుం కింద గిన్నెలా ఉండే ఎముకల మధ్య ఉంటుంది. ముందు మూత్రాశయం, వెనక మలాశయం, మధ్యలో తలకిందులు చేసిన చిన్న జామకాయలా ఇది. పొడవు సుమారు 7.5 సెం.మీ., వెడల్పు 5, మందం 2.5. దాని పైభాగంలో రెండు పక్కల నుంచి 10–12 సెం.మీ. ఫాలోపియన్ ట్యూబులు, వాటి చివర బాదంకాయంత అండాశయాలు. గర్భం లేనప్పుడు గర్భసంచి మామూలు పొట్ట మసాజ్‌లో చేతికి అందదు. కడుపుతో ఉన్నప్పుడు 12 వారాలకు ఆ ఎముక పైకి తొంగిచూస్తుంది, 20 వారాలకు బొడ్డు దాకా వస్తుంది, 36 వారాలకు పక్కటెముకల దగ్గరికి చేరుతుంది. ఈ మూడు అంకెలు మాత్రం గుర్తుపెట్టుకోండి, ఉద్యోగంలో వాడతారు.

గర్భసంచిని పట్టి ఉంచే తాళ్లు కొన్ని ఉన్నాయి. వాటిలో రెండు మనకు కావాలి. ఒకటి గర్భసంచి మెడ నుంచి వెనక్కి వెళ్లి సాక్రమ్‌కు, అంటే నడుం కింద పిరుదుల మధ్య ఉండే తిరగేసిన త్రికోణం ఎముకకు అంటుకుంటుంది. రెండోది రౌండ్ లిగమెంట్. గర్భసంచి పై మూల నుంచి బయల్దేరి గజ్జ గుండా కిందికి దిగుతుంది. ఐదో నెల గర్భిణి మంచం మీద అటు నుంచి ఇటు తిరగ్గానే గజ్జలో కత్తితో పొడిచినట్టు ఉందంటే చాలాసార్లు అది ఈ రెండోది సాగడమే. తొడ కండరం పట్టేసిందనుకుని మీరు అక్కడ నొక్కితే వచ్చే లాభం లేదు.

నరాల సంగతి ఇంకా ముఖ్యం. గర్భసంచి నొప్పి కబురు వెన్నుపాములో పదో థొరాసిక్ (ఛాతీ భాగం) నుంచి మొదటి లంబార్ (నడుం భాగం) వరకు ఉన్న చోట్లకు వెళ్తుంది. పొత్తికడుపు, నడుం, తొడ పైభాగం చర్మం నుంచి వచ్చే కబుర్లు కూడా దాదాపు అక్కడికే చేరతాయి. మెదడు ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోలేక నొప్పిని నడుం ఖాతాలో రాస్తుంది. అందుకే నెలసరికి ముందు రోజు వచ్చే ఆవిడ "నడుం విరిగిపోతోందమ్మా" అంటుంది, మీరు తడిమి చూస్తే కండరం మెత్తగానే ఉంటుంది. ముందుకు వంగమనండి, పక్కలకు తిరగమనండి. కండరం నొప్పి కదలికతో పెరగడమో తగ్గడమో జరుగుతుంది. గర్భసంచి నుంచి వచ్చే నొప్పి కదిలినా పెద్దగా మారదు, నెలనెలా తేదీ చూసుకుని వస్తుంది. దానికి నొప్పి పుట్టించేవి ప్రోస్టాగ్లాండిన్లు. గర్భసంచి కండరాన్ని పిండేస్తాయి. మెఫెనమిక్ యాసిడ్, ఇబుప్రొఫెన్ లాంటి మాత్రలు పనిచేసేది వాటి తయారీని ఆపడం వల్లే. నడుం మీద గోరువెచ్చని కాపడం, మెల్లని ఒత్తిడి హాయినిస్తాయి, చేయొచ్చు. నెలసరిలో మసాజ్ చేస్తే రక్తస్రావం ఎక్కువవుతుందని భయపెడుతుంటారు, ఒంటికి నూనె రాసి మెల్లగా చేసేదానికి ఆ భయం అక్కర్లేదు. అయితే నొప్పి ఏడాదికేడాదికి పెరుగుతోంది, మల విసర్జనప్పుడూ నొప్పే అంటే ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు కావచ్చు. గైనకాలజిస్టు దగ్గరికి పంపండి.

ఇప్పుడు నా పొరపాటు ఒకటి చెప్తాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన మూడో ఏడు. 38 ఏళ్లావిడ వచ్చారు, రెండు భుజం రెక్కల మధ్య పట్టేసిందని. ఫారంలో ఆరోగ్య సమస్యలు "లేవు", ఆపరేషన్లు "లేవు". బోర్లా పడుకోబెట్టాను. వెన్నెముక పక్కన మోచేతిని ఆనించి బరువు వేయబోతూ, ఊరికే మాటల్లో "నెలసరి సరిగ్గా వస్తోందా అండీ?" అన్నాను. "నాకు రావు కదమ్మా, ఇరవై తొమ్మిదికే గర్భసంచి తీసేశారు" అన్నారు, తలెత్తకుండానే. అండాశయాలు ఉన్నాయా అని అడిగితే, "అన్నీ తీసేశామన్నారు." మోచేయి వెనక్కి తీసుకున్నాను. ఎముకను గట్టిగా ఉంచేది అండాశయాలు వదిలే ఈస్ట్రోజన్ హార్మోన్. తొమ్మిదేళ్లుగా ఆవిడ ఒంట్లో అది దాదాపు లేనట్టే, దానికి మందులూ వాడలేదు. తర్వాత డాక్టరు ఎముక సాంద్రత పరీక్ష చేయిస్తే అరవై దాటినవాళ్ల ఎముకల్లా వచ్చింది. ఫారంలో "లేవు" అని రాసినందుకు ఆవిడను తప్పుపట్టలేను. మన ఊళ్లలో "ఆపరేషన్" అంటే పిల్లలు పుట్టకుండా చేయించుకునేది. గర్భసంచి తీయడం ఆవిడ లెక్కలో అందులోకి రాదు. విడిగా అడగకపోవడం నా తప్పు.

తెలుగు రాష్ట్రాల్లో పనిచేసేవాళ్లకు ఇది అరుదైన కేసు అనిపించకూడదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 8 శాతం పైనే ఉన్నారు. అందుకని మూడు ప్రశ్నలు వేర్వేరుగా అడగండి: పిల్లల ఆపరేషన్ అయిందా, గర్భసంచి ఉందా, అండాశయాలు ఉన్నాయా. పిల్లల ఆపరేషన్‌లో ట్యూబులను మాత్రమే మూసేస్తారు, హార్మోన్లు ఎప్పటిలాగే నడుస్తాయి. గర్భసంచి ఒక్కటే తీస్తే నెలసరి ఆగుతుంది, అండాశయాలు పని చేస్తూనే ఉంటాయి. అండాశయాలు కూడా తీస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగినట్టు. వయసు 32 ఉన్నా పక్కటెముకల మీద, వెన్ను మీద మీ చేయి పెద్దావిడకు చేసినట్టే నడవాలి.

ఇక హార్మోన్లు. మీ ఇంటి మీద వాటర్ ట్యాంకును ఊహించుకోండి. మెదడు కింద హైపోథాలమస్ స్విచ్ వేస్తుంది, దాని కిందున్న పిట్యూటరీ గ్రంథి మోటారులా తిరిగి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ పంపుతుంది, అండాశయంలో ఈస్ట్రోజన్ నిండుతుంది. నిండితే తేలే బంతి పైకి వచ్చి మోటారు ఆగుతుంది. నెలంతా దాదాపు ఇదే కథ. మధ్యలో ఒక్కసారి మాత్రం వింత జరుగుతుంది. ఈస్ట్రోజన్ బాగా పెరిగి రెండు రోజుల పాటు అలాగే నిలబడితే మోటారు ఆగడం మాని ఇంకా జోరందుకుంటుంది. ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగుస్తుంది. అలా ఎగయడం మొదలైన 34–36 గంటలకు అండం విడుదలవుతుంది. పరీక్షలో ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే, ఎందుకంటే "హార్మోన్ పెరిగితే పైనుంచి సరఫరా తగ్గుతుంది" అన్న ఒక్క ముక్కే బట్టీపట్టి ఉంటారు.

గర్భసంచి లోపలి పొరను నారుమడి అనుకోండి. నెలసరి అయిపోయేసరికి రెండు మూడు మిల్లీమీటర్లు మిగులుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ అండాశయంలో ఫాలికిళ్లను, అంటే అండం పెరిగే చిన్న సంచులను పెంచుతుంది, అవి ఈస్ట్రోజన్ వదులుతాయి, ఈస్ట్రోజన్ మడిలో మట్టి పోసి ఎత్తు పెంచుతుంది. అండం విడుదలయ్యాక మిగిలిన ఖాళీ ఫాలికిల్ కార్పస్ ల్యూటియం అవుతుంది. అది ప్రొజెస్టిరాన్ వదులుతుంది, అంటే మడికి నీరు పెట్టి ఎరువు వేస్తుంది. విత్తనం పడకపోతే సుమారు 14 రోజులకు కార్పస్ ల్యూటియం వాడిపోతుంది. ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, మడి కొట్టుకుపోతుంది. అదే నెలసరి. విత్తనం పడితే పిండం వైపు నుంచి హెచ్‌సీజీ వచ్చి, మాయ ఆ పని అందుకునే దాకా కార్పస్ ల్యూటియాన్ని బతికిస్తుంది. మెడికల్ షాపులో దొరికే ప్రెగ్నెన్సీ కిట్ వెతికేది ఈ హెచ్‌సీజీనే.

మగవాళ్లలోనూ ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ ఇవే రెండు. పేర్లు ఆడవాళ్ల శరీరంలో చూసి పెట్టారు కాబట్టి తికమకపడతారు. ఎల్‌హెచ్ వృషణాల్లో టెస్టోస్టిరాన్ తయారు చేయిస్తుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ శుక్రకణాల తయారీకి తోడ్పడుతుంది. ఒక శుక్రకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అంతే, మీ స్థాయికి ఇది చాలు.

ఈ హార్మోన్లలో మసాజ్ బల్ల దగ్గర నాకు టెన్షన్ పెట్టేది ఈస్ట్రోజన్, రక్తం గడ్డకట్టే విషయంలో. గర్భంలోనూ, కాన్పు తర్వాత ఆరు వారాలూ రక్తం తొందరగా గడ్డకట్టే స్థితిలో ఉంటుంది. కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా శరీరం చేసుకున్న ఏర్పాటు అది. దాని చెడ్డ వైపు ఏమిటంటే కాలి లోపలి సిరల్లో గడ్డ ఏర్పడవచ్చు. గర్భిణుల్లో ఎక్కువగా ఎడమ కాలికి వస్తుంది, ఎందుకంటే ఎడమ కాలి నుంచి పైకి వచ్చే సిరను కుడి కాలికి వెళ్లే ధమని దాటుతూ నొక్కుతుంది. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే నూనె సీసా పక్కన పెట్టండి. టేపుతో రెండు పిక్కలూ ఒకే ఎత్తులో కొలవండి. 2 సెం.మీ. తేడా కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి పంపాలి. కొలతలో తేడా లేకపోయినా అనుమానం ఉంటే పంపాలి. పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. మన ఇళ్లలో బాలింతకు కాళ్లు పిసకడం ఆనవాయితీ కాబట్టి ఇంటికి వెళ్లి చేసేవాళ్లు ముందుగా కాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూడటం అలవాటు చేసుకోవాలి. సిజేరియన్ అయితే ముప్పు ఇంకొంచెం ఎక్కువ. అదే సర్వే ప్రకారం తెలంగాణలో పది కాన్పుల్లో ఆరు సిజేరియన్లే. కుట్లు మానకుండా నడికట్టు బిగించి కట్టమనీ, పొట్ట నొక్కమనీ ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. "డాక్టరమ్మ చూసి సరేనన్నాక చేద్దాం అమ్మమ్మా" అనండి. వాదనకు దిగితే మిమ్మల్నే మారుస్తారు.

గర్భనిరోధక మాత్రలు కూడా ఇదే కోవ. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. పెళ్లనో, వ్రతమనో, తిరుపతి ప్రయాణమనో నెలసరి వాయిదా వేసుకునే మాత్రలు చాలామంది షాపులో కొని వేసుకుంటారు. వాటిలో కొన్ని గడ్డకట్టే ముప్పును కొంత పెంచుతాయి. "మందులేమైనా వాడుతున్నారా?" అంటే లేదనే చెప్తారు, అవి వాళ్ల దృష్టిలో మందులు కావు. "డేట్ జరుపుకోవడానికి ఏమైనా వేసుకున్నారా?" అని అడిగి చూడండి.

గర్భిణిని 20 వారాలు దాటాక ఎక్కువసేపు వెల్లకిలా పడుకోబెట్టకండి. బరువెక్కిన గర్భసంచి వెనకున్న పెద్ద సిరను నొక్కి బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. ఎడమ పక్కకి తిప్పి, మోకాళ్ల మధ్య ఒక దిండు, పొట్ట కింద ఒక చిన్నది. తొడ లోపలి వైపు గట్టిగా నొక్కడం వద్దు. మొదటి మూడు నెలల్లో మసాజ్ చేస్తే గర్భం పోతుందని మీ పుస్తకంలో ఉండొచ్చు. మెల్లని మసాజ్ వల్ల గర్భం పోతుందనడానికి ఆధారం లేదు. తొలి నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగం క్రోమోజోముల లోపం వల్లే పోతాయి. అయినా ఆ సమయంలో ఏం జరిగినా నింద మీ చేతుల మీదే పడుతుంది కాబట్టి డాక్టరు సరేనంటే తప్ప నేను ముట్టుకోను. కీళ్లను వదులు చేస్తుందనే రిలాక్సిన్ హార్మోన్ గురించి అతిగా చెప్తారు, అది తొలి మూడు నెలల చివరికే గరిష్ఠానికి చేరి తర్వాత తగ్గుతుంది. కీళ్ల నొప్పులన్నీ దాని నెత్తిన వేయకండి, గట్టిగా సాగదీయడం మాత్రం మానండి.

మగ క్లయింట్ల గురించి పుస్తకాలు తొందరగా దాటేస్తాయి. వృషణాలు పిండ దశలో పొట్టలో, కిడ్నీల దగ్గర పుట్టి కిందికి దిగుతాయి, నరాలనూ రక్తనాళాలనూ వెంట తెచ్చుకుంటాయి. అందుకే కిడ్నీలో రాయి నొప్పి వృషణంలో తెలుస్తుంది. నడుం పక్క నుంచి గజ్జలోకి మెలిపెట్టే నొప్పి, ఏ భంగిమలోనూ నిలవలేకపోతున్నాడంటే మసాజ్ బల్ల ఎక్కించకండి. దగ్గితే గజ్జలో ఉబ్బు వస్తే హెర్నియా, అక్కడ నొక్కకూడదు. అరవై దాటిన మగవాళ్ల విషయంలో ఇంకొకటి. ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నుపూసలకు పాకే రకం. రాత్రి పడుకున్నా తగ్గని కొత్త నడుం నొప్పి, బరువు తగ్గడం కలిసి కనిపిస్తే ముందు డాక్టరు. ఆ క్యాన్సర్‌కు టెస్టోస్టిరాన్ తగ్గించే ఇంజక్షన్లు వాడుతుంటే ముట్లుడిగిన ఆడవాళ్లలాగే ఎముకలు పలచబడతాయి, ఒంట్లో వేడి ఆవిర్లు కూడా వస్తాయి.

అడగడానికి మీరు మొహమాటపడి వదిలేసి ఉంటారు, నేనే చెప్తాను. మసాజ్‌లో మనిషి సడలితే పారాసింపథెటిక్ నరాలు, అంటే ఒంటికి విశ్రాంతినిచ్చేవి చురుగ్గా ఉంటాయి. అంగస్తంభన కూడా ఆ నరాల పనే, వెన్నుపాములో రెండు నుంచి నాలుగో సాక్రల్ భాగం నుంచి వస్తాయి. కాబట్టి మనసులో ఏ ఉద్దేశం లేకుండా కూడా అది జరగవచ్చు, ఎక్కువమంది సిగ్గుతో చచ్చిపోతారు. దుప్పటి సర్ది, చేయి భుజం వైపో పాదం వైపో మార్చి, ఏమీ జరగనట్టు పని సాగించండి. మాట, చూపు, చేయి తేడాగా ఉంటే మాత్రం అది వేరే సంగతి. "సెషన్ ఇక్కడితో అయిపోయింది" అని చెప్పి గదిలోంచి బయటికి వచ్చేయండి. వివరణ ఇవ్వక్కర్లేదు, డబ్బు సంగతి యజమాని చూసుకుంటారు.

"హార్మోన్ బ్యాలెన్స్ మసాజ్" అని బోర్డు పెట్టేవాళ్ల గురించి కూడా అడిగారు. నాకు ఒళ్లు మండుతుంది. పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్లు గాడి తప్పే సమస్య) మసాజ్‌తో తగ్గదు. మూసుకుపోయిన ట్యూబులు పొట్ట రుద్దితే తెరుచుకోవు, వాటి రంధ్రం సన్నని చోట మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. పైగా ఐవీఎఫ్ ఇంజక్షన్లు వాడుతున్న ఆవిడ అండాశయాలు బాగా ఉబ్బి ఉంటాయి, మెలిపడే ప్రమాదం ఉంటుంది, ఆ రోజుల్లో పొట్ట జోలికి అసలు పోకూడదు. నెలసరి నొప్పి, నిద్ర, ఆందోళన విషయంలో మసాజ్ ఉపశమనం ఇస్తుంది. నొప్పి తగ్గినట్టు చిన్న చిన్న పరిశోధనలు ఉన్నాయి కూడా. దాన్నే చెప్పి డబ్బు తీసుకోవచ్చు.

పరీక్షకైతే 28 రోజుల గీత ఒకటి గీసి, దాని మీద ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ నాలుగింటి ఎత్తుపల్లాలు పుస్తకం చూడకుండా రోజుకోసారి వారం పాటు గీయండి. చదివితే గుర్తుండదు, గీస్తే ఉంటుంది. ఉద్యోగానికైతే క్లాసులో ఇద్దరిద్దరుగా కూర్చుని "మీకు చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చింది?", "గర్భసంచి ఉందా?" అని గొంతు తగ్గించకుండా, నవ్వకుండా అడగడం సాధన చేయండి. నా విద్యార్థులకు మామూలుగా మూడో రోజుకు వస్తుంది. అబ్బాయిలకు ఇంకో రెండు రోజులు పడుతుంది.